అత్తయ్య కూర్చున్న వైపు

అత్తయ్య ఇంట్లో నేను చాలామందినయ్యాను. ఒకరోజు బ్యాంకు ఉద్యోగం మానేసి ఇంట్లో ఖాళీగా ఉంటున్న నడివయసు ఆయన్ని. ఇంకోరోజు చదువు పూర్తయి మొదటిసారి ఇంటర్వ్యూకి వెళ్తున్న కుర్రాణ్ణి. ఒకసారి పాప పుట్టాక మళ్లీ పనిలో చేరాలనుకుంటున్న నర్సుని. నేను నేనుగా ఉన్నప్పుడు మాత్రం ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడినదాన్ని కాదు.

మా ఊరి బడిలో చదువు అయిపోయాక, పై చదువుకి నన్ను ఈ నగరంలో ఉన్న అత్తయ్య దగ్గరికి పంపారు. అత్తయ్య మా నాన్నకి అక్క. నన్ను దింపడానికి వచ్చిన రోజు నాన్న గుమ్మంలోనే చెప్పేశాడు.

"దీనికి నోట్లో నాలుక లేదక్కా. ఆకలేసినా అడగదు. కాస్త కనిపెట్టుకుని ఉండు."

"మంచిదేనయ్యా. మీ అక్క ఇద్దరి వంతూ మాట్లాడుతుంది" అన్నాడు మావయ్య.

మావయ్యకి కళ్లద్దాల షాపు ఉంది. ఎవరు ఎదురుపడినా ముందు వాళ్ల కళ్లలోకి చూస్తాడు, తర్వాత ఏదో ఒక వేళాకోళం ఆడతాడు. ఆ రోజు నుంచి నాకు మునీశ్వరి అని పేరు పెట్టాడు. "మునీశ్వరిగారు మౌనం వీడి ఉప్పు అందిస్తారా" అనేవాడు భోజనాల దగ్గర.

అత్తయ్య ఒక పెద్ద కంపెనీలో చాలా ఏళ్లు పనిచేసింది. కంపెనీకి కావలసిన మనుషుల్ని వెతకడం, పిలిపించడం, మాట్లాడి పనిలోకి తీసుకోవడం ఆమె ఉద్యోగం. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొన్నాక ఆ విభాగాన్ని వేరే ఊరికి మార్చేశారు. ఇప్పుడు అందులో సగం పని కంప్యూటర్లే చూసుకుంటాయట. అత్తయ్యకి పూలగుత్తి ఇచ్చి, ఫొటో తీసి, పంపించేశారు. నేను వచ్చేనాటికి ఆ సంగతి జరిగి ఏడాది దాటింది.

అప్పటినుంచి ఆమె ఇంట్లో కూర్చుని ఉద్యోగాల గురించి వ్యాసాలు రాస్తోంది. వెబ్‌సైట్లకి, అప్పుడప్పుడు ఒక పత్రికకి. రెజ్యూమెలో ఏం రాయాలి, ఏం రాయకూడదు. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగితే ఏం చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం ఎవరితో కలిసి భోజనం చేయాలి. ఇలాంటివి. చాలావాటి కింద ఆమె పేరు కూడా ఉండదు.

పొద్దున జనం ఆఫీసులకి వెళ్లే వేళకే స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, వాచీ పెట్టుకుని, ఆఫీసుకి వేసుకెళ్లే చెప్పులు తొడుక్కుని, భోజనాల బల్ల దగ్గర కూర్చునేది. నడింట్లో ఆ చెప్పులేమిటని మావయ్య అడిగితే, "కాళ్లకి అవి లేకపోతే చేతికి వాక్యం రావడం లేదండీ, ఏం చేయమంటారు" అనేది.

చెప్పులున్నా ఒక్కోసారి వాక్యం వచ్చేది కాదు. ల్యాప్‌టాప్ తెరిచి, దాన్నే చూస్తూ గడ్డం గీరుకుంటూ కూర్చునేది. ఒకరోజు నేను మంచినీళ్ల కోసం అటువైపు వెళ్తే చేయి పట్టుకుని ఆపింది.

"కాసేపు ఇక్కడ కూర్చోవే. ఎదురుగా మనిషి లేకపోతే నాకు మాట పుట్టదు."

కూర్చున్నాను.

"అక్కడ కాదు, ఇటు. నా వెనక కిటికీ ఉండాలి, నాకు తలుపు కనబడుతుండాలి. లోపలికి వచ్చే మనిషి వేసే మొదటి అడుగు చూడకపోతే సగం ఇంటర్వ్యూ పోయినట్టే. ఆ, అలా. ఇప్పుడు నువ్వు బ్యాంకాయనవి. పైవాళ్లతో పడక మానేశావు. కానీ ఆ మాట చెప్పవు."

నీళ్ల గ్లాసు నా ముందుకి జరిపింది. పెన్ను కింద పెట్టి రెండు చేతులూ కలిపి బల్ల మీద పెట్టుకుంది. తల కొంచెం పక్కకి వాల్చి, "రావడానికి ఇబ్బంది ఏమైనా అయిందా అండీ?" అని అడిగింది.

ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. మెత్తగా, ప్రపంచంలో ఇంకే పనీ లేనట్టుగా ఉంది. నాకు ఏం చెప్పాలో తెలియక బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయాను. అత్తయ్యకి కోపం రాలేదు.

"బాగుందే. ఆ కుర్చీలోకి వచ్చినవాళ్లలో చాలామంది మొదట ఇలాగే ఉంటారు" అంది. తర్వాత నాతో అరగంట మాట్లాడింది. నేను తలూపాను. నేను లేచి వెళ్లగానే గబగబా టైపు చేయడం మొదలుపెట్టింది.

కాలేజీ నుంచి వచ్చాక రోజూ అదే పని అయింది. కొన్నాళ్లకి తలూపడం మాని జవాబులు చెప్పసాగాను. నాకే ఆశ్చర్యం వేసేది. కాలేజీలో హాజరు పలకడానికే గొంతు పెగలని నేను, నర్సునైతే "రాత్రి డ్యూటీలు వద్దండీ, పాప చిన్నది" అని గట్టిగా అడగగలిగేదాన్ని. ఒకసారి డ్రైవర్నై, జీతం పెంచకపోతే చేరనని కూడా అన్నాను. వంటింట్లోంచి మావయ్య చప్పట్లు కొట్టాడు.

"మా మునీశ్వరి యూనియన్ పెట్టేలా ఉందే."

"మీరు అటు వెళ్లండి. మనిషి బెదిరిపోతాడు" అంది అత్తయ్య, డ్రైవర్ని ఉద్దేశించి.

వెబ్‌సైటులో అత్తయ్య వ్యాసాలు చూసే ఎడిటరమ్మ ఒకామె ఉండేది. చిన్న వయసే అయి ఉంటుంది. ఫోన్లో ఎప్పుడూ హడావుడిగా మాట్లాడేది. ఆ వారం ఆమె, ఉద్యోగం పోయాక చాలాకాలం ఇంట్లో ఉండి మళ్లీ వెతుక్కునేవాళ్ల గురించి రాయమంది.

"ఐదు పాయింట్లుగా ఇవ్వండి మేడమ్. పాయింట్లుంటేనే చదువుతారు."

"మనుషులు పాయింట్లుగా రారమ్మా నా దగ్గరికి" అంది అత్తయ్య. అయినా ఒప్పుకుంది.

ఆ సాయంత్రం నేను కూర్చోగానే, "ఈరోజు ఎవర్ని?" అని అడిగాను.

"పెద్దావిడవి. చాలా ఏళ్లు ఒకేచోట పనిచేశావు. ఆ పని పోయింది." అత్తయ్య నా కళ్లలోకి చూడకుండా గ్లాసు జరిపింది. "పాత ఉద్యోగంలో మీకు బాగా నచ్చిన సంగతి ఏమిటండీ?"

ఆ పెద్దావిడ ఎలా ఉంటుందో వేరే ఊహించుకోవలసిన పని లేకపోయింది.

"మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరో ఒకరు వచ్చి, భోజనానికి రండి అని పిలిచేవాళ్లండీ."

అత్తయ్య చేతులు అలాగే ఉన్నాయి. "ఇంకా?"

"నా దగ్గరికి వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు, వచ్చినప్పటికంటే కొంచెం నిటారుగా నడిచేవాళ్లు." అది అత్తయ్య ఎప్పుడో మావయ్యతో అంటుంటే విన్న మాటే.

"ఇప్పుడు మీకేం కావాలి మరి?"

"మళ్లీ వెళ్లాలని ఉందండి."

అత్తయ్య గ్లాసు తన వైపు జరుపుకుంది. తర్వాత "బాగానే చెప్పావే" అని లేచి, పొయ్యి కట్టేసి వస్తానని వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద అప్పుడు ఏమీ లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి చెప్పింది. ఊరి అవతలి వైపు ఒక కంపెనీలో, మనుషుల్ని తీసుకునే విభాగానికి పెద్ద కావాలట. ప్రకటన చూసి వారం అయిందట. పంపాలా వద్దా అని చూస్తోందట.

"పంపడానికేం. పోయేదేముంది" అన్నాడు మావయ్య.

"ఏడాదిలో ఎంతమందికి పంపాను? ఒక్కళ్లు పిలిచారా? నా వయసు చూసి పక్కన పెడతారు. తప్పు పట్టను, నేనూ కొందర్ని అలాగే పెట్టాను." అత్తయ్య కంచంలో వేలితో గీతలు గీస్తోంది. "ఇదే ఆఖరు. ఇది కూడా కాకపోతే ఇంక అడగను. రాసుకుంటూ ఇంట్లో ఉంటాను. నా మీద ఒట్టు."

"ఒట్లెందుకోయ్ తిండి దగ్గర" అన్నాడు మావయ్య. కానీ ఆయన ముఖంలో వేళాకోళం లేదు.

పంపింది. తర్వాత ఆమె కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. ఫోను మోగితే చేతిలో ఏదున్నా పడేసి పరుగెత్తేది. ఎక్కువసార్లు ఎడిటరమ్మే. చివరికి ఒక మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది, అత్తయ్య బీరువాలోని బట్టలన్నీ మంచం మీద పడేసుకుని కూర్చుంది.

"పిలిచారే" అంది. ఇంకేమీ చెప్పలేదు. ముఖం మాత్రం దీపం పెట్టినట్టు ఉంది.

ఇంటర్వ్యూకి ముందు రోజు సాయంత్రం ఇంట్లో రిహార్సలు పెట్టుకున్నాం. అత్తయ్యని నా కుర్చీలో కూర్చోబెట్టి, మావయ్య కిటికీ వైపు కూర్చున్నాడు. టై కూడా కట్టుకొచ్చాడు.

"మీ గురించి మీరు చెప్పండి మేడమ్."

"అలా మొదలుపెట్టకూడదండీ. మనిషి ఇంకా ఊపిరి తీసుకోలేదు. ముందు దారి ఎలా ఉందో అడగాలి."

"అడిగేది నేనా మీరా?"

"సరే, అడగండి."

"ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"ఈ ప్రశ్న ఎవరూ అడగట్లేదండీ ఇప్పుడు. పాతబడిపోయింది. పైగా ఆ గొంతేమిటి, బాకీ వసూలుకి వచ్చినట్టు?"

"మా షాపుకొస్తే చెప్తాను. దూరం చూపుకి ఒక అద్దం, దగ్గర చూపుకి ఒక అద్దం. ఐదేళ్లయితే రెండూ ఉండాలి." మావయ్య టై ఊడదీసి నా మెడలో వేశాడు. "నా వల్ల కాదు తల్లీ. నువ్వు చూసుకో."

నేను అటువైపు కూర్చున్నాను. ఎప్పుడూ కూర్చోని చోటు కావడం వల్ల ఇల్లే కొత్తగా కనిపించింది. ఏం అడగాలో తోచక, "నీళ్లు తాగుతారా అండీ?" అన్నాను. అత్తయ్య నవ్వింది. "నువ్వు పనికొస్తావే" అంది. ఆ తర్వాత నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పకుండా, అది ఎలా అడగాలో చెప్పింది. చీకటి పడిపోయింది. ఆమె ఒక్క ప్రశ్నకైనా జవాబు చెప్పలేదని మాకెవరికీ అప్పుడు తట్టలేదు.

మర్నాడు నాకు సెలవు. తోడు రమ్మంది. రెండు బస్సులు మారి వెళ్లాం. అద్దాల మేడ. లోపల చల్లగా, కొత్త కుర్చీల వాసన వేస్తోంది. రిసెప్షన్లో ఉన్న అమ్మాయి అత్తయ్యని ఒక గదిలోకి పంపి కూర్చోమంది. నన్ను బయట సోఫాలో కూర్చోమంది. ఆ గదికి గోడలు కూడా అద్దాలే. నాకు అంతా కనిపిస్తోంది, ఏమీ వినిపించడం లేదు.

గది ఖాళీగా ఉంది. నడుమ పొడవాటి బల్ల, అటూ ఇటూ కుర్చీలు, అవతల పెద్ద కిటికీ. అత్తయ్య లోపలికి వెళ్లి, ఎటూ చూడకుండా బల్ల చుట్టూ తిరిగి, కిటికీకి వీపు పెట్టి తలుపుకి ఎదురుగా కూర్చుంది. బ్యాగు కింద పెట్టింది. బల్ల మీదున్న నీళ్ల సీసా, గ్లాసులు తన దగ్గరికి తీసుకుంది.

అది అడిగేవాళ్లు కూర్చునే వైపు. లేచి వెళ్లి చెప్దామనుకునేలోపు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చేతుల్లో కాగితాలతో ఆ గదిలోకి వెళ్లారు. ఇద్దరూ మా కాలేజీలో కొత్త లెక్చరర్లంత వయసువాళ్లు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తయ్య లేచి నవ్వుతూ చేత్తో ఎదుటి కుర్చీలు చూపించింది. వాళ్లు కూర్చున్నారు.

అత్తయ్య రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి వాళ్ల ముందుకి జరిపింది. పెన్ను కింద పెట్టింది. చేతులు కలిపి బల్ల మీద పెట్టుకుని, తల పక్కకి వాల్చింది. ఆమె పెదవులు కదలడం చూశాను. రావడానికి ఇబ్బంది ఏమైనా అయిందా అండీ.

మొదట అబ్బాయి కాగితాలు సర్దుకుంటూనే ఉన్నాడు. కాసేపటికి వాటిని పక్కన పెట్టాడు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. చేతులు తిప్పుతూ, మధ్యలో ఆగుతూ, మళ్లీ చెబుతూ. అమ్మాయి నవ్వింది. అత్తయ్య ఏదో అడిగింది. అమ్మాయి నవ్వు ఆపి ఆలోచించి, ముందుకి వంగి జవాబు చెప్పింది.

నేను సోఫా అంచున కూర్చుని చూస్తున్నాను. అక్కడ తప్పు జరుగుతోందని నాకు తెలుసు. కానీ కళ్లు తిప్పుకోలేకపోయాను. మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర చూసిన అత్తయ్య ఇందులో సగం కూడా కాదు. ఆమె భుజాలు వెడల్పయ్యాయి. చెంపలు ఎర్రబడ్డాయి. మాట్లాడుతున్నవాళ్ల మీదికి వెలుగు పడినట్టుగా చూస్తోంది. ఏడాదిగా పొద్దున్నే చెప్పులు తొడుక్కుని ఆమె దేనికోసం ఎదురుచూస్తోందో నాకు అప్పుడు తెలిసింది. మా ఊళ్లో బడి చదువు అయిపోయిన మర్నాడు నేను కూడా అలాగే పొద్దున్నే జడ వేసుకుని కూర్చున్నాను. ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేకపోయినా.

బయటికి వచ్చేటప్పుడు ఆ ఇద్దరూ ఆమెని తలుపు దాకా సాగనంపారు. అబ్బాయి చాలా నిటారుగా నడుస్తున్నాడు.

బస్ స్టాప్ దాకా అత్తయ్య గాల్లో తేలుతున్నట్టు నడిచింది. నేను వెనక పరుగెత్తాను.

"అద్భుతంగా జరిగిందే. ఎంత బాగా మాట్లాడుకున్నామో. ఆ అబ్బాయికి ఈ పని ఇష్టం లేదు పాపం. మానేద్దామా అని ఊగిసలాడుతున్నాడు. పని చెడ్డది కాదు, చెప్పినవాళ్లు లేరు, అంతే. ఆ అమ్మాయి ఉంది చూశావూ, గట్టిది. ఇంకా పెద్ద బాధ్యత ఇవ్వాలి దానికి."

నేను బస్ స్టాప్ బెంచీ మీద కూర్చున్నాను. నేను ఎవర్నీ కాకుండా, నేనుగా, ఆమెని ఒక మాట అడిగాను.

"వాళ్లు నిన్నేం అడిగారత్తయ్యా?"

అత్తయ్య నోరు తెరిచింది. జవాబు చెప్పబోయి ఆగింది. రోడ్డు వైపు చూసింది. మేము ఎక్కవలసిన బస్సు వచ్చింది, మనుషుల్ని దింపింది, వెళ్లిపోయింది.

"నేను ఎటువైపు కూర్చున్నానే?"

"కిటికీ వైపు."

అత్తయ్య ముందు నవ్వింది. నవ్వుతూ చేత్తో నుదురు కొట్టుకుంది. "మీ మావయ్యకి చెప్పకు, ఏడాదంతా అంటారు" అంది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. నా పక్కన కూర్చుని, చెప్పుల మీద పడిన దుమ్ము చేత్తో తుడుచుకుంది. ఒక కాలిది తుడిచాక రెండోది తుడవలేదు.

మావయ్యకి ఆమే చెప్పింది. ఆయన ఏడాదంతా కాదు కదా, ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి వంట తనే చేశాడు.

తర్వాత రోజుల్లో అత్తయ్య బల్ల దగ్గర కూర్చోవడం మానలేదు. నన్ను మాత్రం పిలవలేదు. ఐదు పాయింట్లు కావాలంటే ఐదు పాయింట్లు రాసి పంపేది. ఎడిటరమ్మ చాలా సంతోషించింది. ఇప్పుడు చక్కగా వస్తున్నాయి మేడమ్ అంది. కాలేజీ నుంచి వచ్చాక నాకు ఏం చేయాలో తోచేది కాదు. నర్సుని, డ్రైవర్ని, బ్యాంకాయన్ని తలుచుకునేదాన్ని. వాళ్లంతా ఎక్కడికో వెళ్లిపోయినట్టు ఉండేది.

ఫోను ఒక సాయంత్రం వచ్చింది. ఆ కంపెనీ అబ్బాయే. అత్తయ్య స్పీకరు పెట్టింది. చేతులు తడిగా ఉన్నాయని అంది కానీ, ఒక్కత్తే వినడం ఇష్టం లేక అనుకుంటాను.

అబ్బాయి చాలా మర్యాదగా చెప్పాడు. ఆ ఉద్యోగానికి వేరే వాళ్లని తీసుకున్నారట. అత్తయ్య అనుభవం చాలా ఎక్కువట. పైవాళ్లు అలా అనుకున్నారట.

"అర్థమైంది నాయనా. చెప్పడానికి ఫోను చేశావు, అది మంచి పద్ధతి. చాలామంది చేయరు" అంది అత్తయ్య. ముఖంలో ఏమీ మారలేదు. ఇలాంటి కబురు ఆమె ఎంతమందికి చెప్పి ఉంటుందో.

"ఇంకో సంగతండీ. ఆ రోజు మీతో నేను చెప్పినవి... మా ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. తర్వాత చాలా ఆలోచించాను. మానేయడం లేదు." అబ్బాయి గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఇంటర్వ్యూలు చేసే మాకెవరికీ అలా అడగడం రాదండీ. మీరు రాసిస్తారా? మాకోసం. ఎలా కూర్చోవాలి, ఏం అడగాలి, అదంతా."

మావయ్య నా వైపు చూశాడు. మళ్లీ రాయడమే.

"రాస్తాను" అంది అత్తయ్య. ఫోను వైపు ఒంగింది. "నాయనా, ఒక మాట అడగనా?"

"అడగండి."

"అక్కడికి వచ్చి రాసుకోవచ్చా? జీతం, హోదా అలాంటివేమీ వద్దు. ఎక్కడో ఒక మూల, ఒక బల్ల చాలు. ఎవరికీ అడ్డం రాను."

అత్తయ్య ఎవర్నీ ఏమీ అడగ్గా నేను అంతవరకు వినలేదు. ఆ గొంతు అచ్చం నా గొంతులా ఉంది.

అవతల కాగితాలు సర్దిన చప్పుడు వినిపించింది. తర్వాత, "అడిగి చెప్తానండీ" అన్నాడు.

ఫోను పెట్టేశాక అత్తయ్య తడిలేని చేతులు తువ్వాలుకి తుడుచుకుంది.

"అడిగి చెప్తాననడం అంటే లేదని. ఆ మాట నేను ఎంతమందితో అన్నానో. అంటే వాళ్లు మనసు కష్టపెట్టుకోకుండా వెళ్లిపోతారు."

"వాడు నిజంగానే అడుగుతాడేమోనోయ్" అన్నాడు మావయ్య.

"మీరు ఇంకా అద్దాల బేరంలోనే ఉన్నారు. మళ్లీ వస్తామన్నవాళ్లంతా తిరిగొస్తారనుకుంటారు."

అబ్బాయి అడిగాడు. వారం తిరక్కుండా మళ్లీ ఫోను చేశాడు. మంగళవారాలు రావచ్చట. నడవా చివర, ప్రింటరు పక్కన ఒక బల్ల ఖాళీగా ఉందట. ఎవరూ కూర్చోరట.

మంగళవారం అత్తయ్య జనంతో పాటు బస్సెక్కింది. నేను మేడ మీది నుంచి చూశాను. అందరూ తోసుకుంటున్నారు. ఆమె కూడా తోసుకుంది. ఎక్కాక వెనక్కి చూడలేదు.

ఆ రోజు కాలేజీ నుంచి వచ్చి తాళం తీసుకుని లోపలికి వెళ్తే, ఇల్లు ఎన్నడూ లేనంత పెద్దదిగా అనిపించింది. దీపం వేసుకుని కూర్చున్నాను. కాసేపు ఏడుపు వచ్చినట్టనిపించింది, ఎందుకో తెలియలేదు. మా అమ్మ గుర్తొచ్చింది. ఈ పాటికి ఇంటి ముందు నిలబడి పక్కింటావిడతో మాట్లాడుతూ ఉంటుంది. మావయ్య షాపు త్వరగా కట్టేసి వచ్చాడు. ఇద్దరం టీ చేసుకుని, తాగకుండా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాం.

అత్తయ్య చీకటి పడ్డాక వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది. బస్సులో నిలబడి వచ్చిందట. బ్యాగు కుర్చీలో పడేసి తనూ కూలబడింది.

"ఎలా ఉందోయ్ ఆఫీసు?" అన్నాడు మావయ్య.

"ఏముంటుంది. ఎవరూ మాట్లాడుకోరు. అందరూ చెవుల్లో అవి పెట్టుకుని కూర్చుంటారు. భోజనం కూడా కంప్యూటరు ముందే. ప్రింటరు గుర్రుమంటూనే ఉంటుంది. ఆ అబ్బాయి వచ్చి రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోయాడు, పనుందట. నేను పనిచేసిన చోటులాంటిది కాదండీ. అలాంటివి ఇప్పుడు ఎక్కడా లేవేమో."

మావయ్య నా వైపు చూశాడు. నేను టీ కప్పు ఆమె చేతికి ఇచ్చాను. ఆమె ఊదుకుంటూ రెండు గుక్కలు తాగింది.

"అయితే వచ్చే వారం వెళ్లవన్నమాట" అన్నాడు మావయ్య మెల్లగా.

"ఎందుకు వెళ్లను?"

"మరి ఇప్పుడే కదా అన్నావు."

అత్తయ్య కప్పు బల్ల మీద పెట్టింది.

"చేతులు కడుక్కునే చోట ఒక పిల్ల పక్కన నిలబడి జుట్టు దువ్వుకుంటోంది. అద్దంలో నన్ను చూసి, చెవుల్లోంచి అవి తీసి, కొత్తగా చేరారా అండీ అని అడిగింది."

"ఏమన్నావత్తయ్యా?" అన్నాను.

"అవునన్నాను."